మాటకు శిక్ష, కాల్పులకు మినహాయింపు

(హైదరాబాద్‌లో డాక్టర్ రామ్‌మనోహర్ లోహియా వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం)



లోహియా వర్ధంతి సభల్లో మనం ఏటా చెప్పుకునే మాటలు కొన్ని ఉన్నాయి. కులం గురించి ఆయన చెప్పినవి, భాష గురించి చెప్పినవి, 1963లో లోక్‌సభకు వెళ్లీ వెళ్లగానే పేదవాడి రోజు ఆదాయం మూడణాలేనంటూ నెహ్రూ ప్రభుత్వాన్ని నిలదీసిన సంగతి. ఇవన్నీ చెప్పుకోవాల్సినవే. ఈ సభల్లో తక్కువగా వినిపించే సంగతి ఒకటుంది. లోహియాను సస్పెండ్ చేసింది ఆయన శత్రువులు కాదు, ఆయన సొంత పార్టీ. పద్నాలుగేళ్లు కాంగ్రెస్ లోపల, ఏడేళ్లు కాంగ్రెస్ బయట ఆయనతో కలిసి నడిచినవాళ్లే 1955లో ఆయన మీద క్రమశిక్షణ చర్య తీసుకున్నారు. ఆ తర్వాత ఆయన కొత్త పార్టీ పెట్టింది మన హైదరాబాద్‌లోనే.

ఆ గొడవను వ్యక్తుల మధ్య పంతంగా చెప్పే అలవాటు ఒకటుంది. లోహియాది మొండితనం, అశోక్ మెహతాది అవకాశవాదం, కృపలానీది ముక్కుమీది కోపం అని తేల్చేసి లేచిపోతాం. పంతాలు లేవని అనను. కానీ దాని కింద ఒక ప్రశ్న ఉంది, అది ఇప్పటికీ తెగలేదు. పార్టీ క్రమశిక్షణ ఎవరిని కట్టెయ్యాలి? మైకు ముందు మాట్లాడే కార్యకర్తనా, కుర్చీలో కూర్చున్న మంత్రినా? ఈ రోజు నా ఉపన్యాసమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

1. పార్టీ లోపల పార్టీ

సోషలిస్టుల పుట్టుకే అసమ్మతిలో జరిగింది. శాసనోల్లంఘన ఉద్యమంలో పట్టుబడి నాసిక్ జైల్లో ఉన్న యువకులు, జయప్రకాశ్ నారాయణ్, అచ్యుత్ పట్వర్ధన్, మీనూ మసానీ, అశోక్ మెహతా వంటివాళ్లు, కాంగ్రెస్‌ను లోపలి నుంచే ఎడమ వైపుకు తిప్పాలని అనుకున్నారు. 1934 మేలో పాట్నాలో ఆచార్య నరేంద్ర దేవ్ అధ్యక్షతన సమావేశమై కాంగ్రెస్ సోషలిస్టు పార్టీకి రూపం ఇచ్చారు. కాంగ్రెస్ సభ్యుడు కానివాడికి అందులో చోటు లేదు. కాంగ్రెస్ నాయకత్వంతో ఏకీభవించేవాడు అందులోకి రావాల్సిన పనీ లేదు.

పద్నాలుగేళ్లు ఈ ఏర్పాటు నడిచింది. దీన్ని నడవనిచ్చినందుకు గాంధీకి, నాటి కాంగ్రెస్ నాయకత్వానికి కొంత గౌరవం ఇవ్వాలి. సొంత సభ్యత్వం, సొంత కార్యవర్గం, సొంత మహాసభలు ఉన్న గుంపును ఇవాళ ఏ పార్టీ అయినా తన ఇంట్లో ఉండనిస్తుందా? 1937లో రాష్ట్రాల్లో మంత్రి పదవులు తీసుకోవడాన్ని సోషలిస్టులు బాహాటంగా వ్యతిరేకించారు. ఓడిపోయారు. ఓడినా కాంగ్రెస్‌లోనే ఉన్నారు.

ఆ పద్నాలుగేళ్లలో వాళ్లకు రెండు పెద్ద పరీక్షలు ఎదురయ్యాయి. మొదటిది 1939లో త్రిపురి. ఆ ఏడాది జనవరిలో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోస్ మన పట్టాభి సీతారామయ్య మీద రెండు వందల పైచిలుకు ఓట్ల తేడాతో గెలిచారు. మార్చిలో త్రిపురి మహాసభకు వచ్చేసరికి, గాంధీ ఇష్టప్రకారమే కార్యవర్గాన్ని వేసుకోవాలని బోస్ చేతులు కట్టేసే తీర్మానాన్ని గోవింద వల్లభ్ పంత్ తెచ్చారు. సోషలిస్టులు బోస్ పక్కన నిలబడితే కాంగ్రెస్ చీలుతుంది. పంత్ పక్కన నిలబడితే తమ మాటకు తామే నీళ్లు వదిలినట్టు. జయప్రకాశ్ నాయకత్వంలో వాళ్లు తటస్థంగా ఉండిపోయారు. ఐక్యత కోసం నోరు కట్టుకున్నారు. వామపక్షం దాన్ని ద్రోహమని చాలా కాలం దెప్పిపొడిచింది.

రెండోది కమ్యూనిస్టుల వ్యవహారం. 1936 నుంచి కమ్యూనిస్టులను కాంగ్రెస్ సోషలిస్టు పార్టీలో చేర్చుకున్నారు. నిషేధంలో ఉన్న పార్టీకి అది ఒక గొడుగు. 1940లో వాళ్లను బయటికి పంపే నాటికి కేరళ, తమిళనాడు, ఆంధ్ర శాఖలు దాదాపు మొత్తంగా కమ్యూనిస్టుల వైపు వెళ్లిపోయాయి. ఆంధ్రలో సోషలిస్టు పార్టీ ఎందుకు వేళ్లూనలేదని అడిగేవాళ్లకు సగం జవాబు ఇక్కడే ఉంది. సభ్యుడి మాట ఒక పార్టీది, విధేయత మరో పార్టీది అయినప్పుడు ఏం జరుగుతుందో సోషలిస్టులు సొంత అనుభవంతో తెలుసుకున్నారు. ఆ గాయం తర్వాత వాళ్ల ఆలోచనల్లో చాలా కాలం ఉంది. గ్రూపు అన్న మాట వినగానే ఉలిక్కిపడే లక్షణం అక్కడి నుంచి వచ్చిందేనని నా అభిప్రాయం.

2. సీటు వదిలి వెళ్లినవాళ్లు

స్వాతంత్ర్యం వచ్చాక కాంగ్రెస్ తన నియమావళి మార్చుకుంది. లోపల మరో పార్టీ ఉండడానికి వీల్లేదంది. 1948 మార్చిలో నాసిక్ మహాసభలో సోషలిస్టులు బయటికి వచ్చేశారు.

ఇక్కడ జరిగిన ఒక పని గురించి కాస్త ఆగి చెప్పాలి. ఉత్తరప్రదేశ్ శాసనసభలో నరేంద్ర దేవ్, ఆయన సహచరులు కాంగ్రెస్ టిక్కెట్ మీద గెలిచి ఉన్నారు. పార్టీ మారితే సభ్యత్వం పోతుందన్న చట్టం అప్పటికి లేదు. అడిగేవాడూ లేడు. అయినా ఈ సీటు కాంగ్రెస్ పేరు మీద వచ్చింది, కాంగ్రెస్‌ను వదిలాక దీన్ని ఉంచుకునే హక్కు మాకు లేదంటూ రాజీనామా చేసి, మళ్లీ జనం దగ్గరికి వెళ్లారు. ఫైజాబాద్ ఉప ఎన్నికలో కాంగ్రెస్ నరేంద్ర దేవ్ మీద బాబా రాఘవ దాస్‌ను నిలబెట్టింది. అయోధ్య ఉన్న నియోజకవర్గం అది. నరేంద్ర దేవ్ నాస్తికుడు, దేవుణ్ణి నమ్మనివాడికి ఓటేస్తారా అని ఊరూరా ప్రచారం చేశారు. బౌద్ధ దర్శనం మీద ఆ తరంలో అంతటి పండితుడు మరొకడు లేడనిపించుకున్న మనిషి ఓడిపోయారు. ఓటమి తర్వాత కూడా ఆ రాజీనామా తప్పని ఆ పార్టీ అనుకోలేదు.

అదే కాలంలో కాంగ్రెస్‌లో మరో అసమ్మతి నడుస్తోంది. 1947 నవంబరులో కాంగ్రెస్ అధ్యక్షుడు ఆచార్య కృపలానీ రాజీనామా చేశారు. నెహ్రూ, పటేల్ ప్రభుత్వం పార్టీని సంప్రదించకుండా నిర్ణయాలు తీసుకుంటోంది, పార్టీకి జవాబు చెప్పని ప్రభుత్వంతో అధ్యక్షుడిగా నేను కొనసాగలేను అన్నది ఆయన కారణం. ఈ విషయం దయచేసి గుర్తుపెట్టుకోండి. ఏడేళ్ల తర్వాత దీని పని పడుతుంది. 1951లో ఆయన కాంగ్రెస్‌ను వదిలి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ పెట్టారు. మన ప్రకాశం పంతులు గారు మద్రాసు రాష్ట్రంలో కాంగ్రెస్ ముఠా రాజకీయాలతో విసిగి ఆ పార్టీలోకే వెళ్లారు.

1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో సోషలిస్టు పార్టీకి పదిన్నర శాతం ఓట్లు, 12 లోక్‌సభ సీట్లు వచ్చాయి. కృపలానీ పార్టీకి ఆరు శాతానికి కాస్త తక్కువ ఓట్లు, 9 సీట్లు. రెండూ కలిస్తే పదహారు శాతం. ఓట్ల లెక్కలో కాంగ్రెస్ తర్వాత దేశంలో అదే పెద్ద శక్తి. ఆ లెక్క చూసే 1952 సెప్టెంబరులో బొంబాయిలో రెండూ కలిసి ప్రజా సోషలిస్టు పార్టీ అయ్యాయి. కృపలానీ అధ్యక్షుడు, అశోక్ మెహతా ప్రధాన కార్యదర్శి.

కలయిక పూర్తయిన ఏడాదికల్లా కాంగ్రెస్‌తో ఎలా మెలగాలన్న తగాదా మొదలైంది. 1953లో నెహ్రూ జయప్రకాశ్‌ను చర్చలకు పిలిచారు. ఆ జూన్‌లో బేతూల్ సమావేశంలో అశోక్ మెహతా, వెనుకబడిన ఆర్థిక వ్యవస్థ ఉన్న దేశంలో ప్రతిపక్షం అన్నింటికీ అడ్డం తిరగడం కుదరదు, అధికార పక్షంతో సహకరించే చోట సహకరించక తప్పదన్న వాదం పెట్టారు. కాంగ్రెస్‌కూ కమ్యూనిస్టులకూ సమాన దూరం అన్నది లోహియా వాదం. ఆ అక్టోబరులోనే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ప్రకాశం ప్రజా సోషలిస్టు పార్టీని విడిచి, కాంగ్రెస్‌తో కలిసి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. పార్టీ పంచాయతీ ఢిల్లీలో తేలకముందే కర్నూలులో ఒక పెద్ద నాయకుడు తన తీర్పు తానే ఇచ్చేసుకున్నాడు. ఆ డిసెంబరులో అలహాబాద్ సమావేశంలో లోహియాను ప్రధాన కార్యదర్శిని చేశారు.

3. మార్తాండం

1954 ఫిబ్రవరిలో తిరువాన్కూరు-కొచ్చిన్ రాష్ట్రంలో ఎన్నికలు జరిగాయి. 117 సీట్ల సభలో కాంగ్రెస్‌కు 45, ప్రజా సోషలిస్టులకు 19. ఎన్నికల్లో సోషలిస్టులు కమ్యూనిస్టులు, ఇతర వామపక్షాలతో అవగాహన పెట్టుకుని పోటీ చేశారు. ఎన్నికలయ్యాక ఆ వామపక్షాలను అధికారానికి దూరంగా ఉంచాలని కాంగ్రెస్ బయటి నుంచి మద్దతు ఇస్తానంది. 19 మంది బలంతో పట్టం తాణు పిళ్లై ముఖ్యమంత్రి అయ్యారు. స్వతంత్ర భారతంలో సోషలిస్టు పార్టీ నాయకుడు నడిపిన మొదటి ప్రభుత్వం అది. ప్రాణం మాత్రం కాంగ్రెస్ చేతిలో ఉంది.

ఆ రాష్ట్రపు దక్షిణ తాలూకాల్లో తమిళులు ఎక్కువ. తమ ప్రాంతాన్ని మద్రాసు రాష్ట్రంలో కలపాలని తిరువాన్కూర్ తమిళనాడు కాంగ్రెస్ ఉద్యమం చేస్తోంది. 1954 ఆగస్టు 11న విమోచన దినం పాటించారు. మార్తాండం, పుదుక్కడై దగ్గర పోలీసులు జనం మీద కాల్పులు జరిపారు. అధికారిక లెక్కలో నలుగురు చనిపోయారు. ఉద్యమకారుల లెక్క అంతకన్నా ఎక్కువ.

లోహియా అప్పుడు నైని జైల్లో ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌లో కాలువ నీటి రేట్ల పెంపుకు వ్యతిరేకంగా, పెంచిన శిస్తు కట్టొద్దని రైతులకు చెప్పినందుకు జులైలో ఫరూఖాబాద్‌లో అరెస్టయ్యారు. అంటే ఒక ప్రభుత్వం ఉద్యమకారుడిగా తనను జైల్లో పెట్టిన సమయంలో, తన పార్టీ ప్రభుత్వం మరో చోట ఉద్యమకారుల మీద తుపాకీ పేల్చింది. ప్రధాన కార్యదర్శి హోదాలో ఆయన జైలు నుంచే తంతి పంపారు. కాల్పుల మీద విచారణ జరపాలి, మంత్రివర్గం రాజీనామా చేయాలి. పట్టం కాదన్నారు. అధ్యక్షుడు కృపలానీ పట్టం పక్షాన నిలిచారు. లోహియా ప్రధాన కార్యదర్శి పదవికి రాజీనామా చేశారు.

లోహియా వాదనను ఉన్నది ఉన్నట్టుగా పెడతాను. బ్రిటిషు వాళ్లు కాల్చినప్పుడు ఖండించాం. కాంగ్రెస్ కాల్చినప్పుడు ఖండించాం. నిరాయుధుల మీద కాల్పులు తప్పని ఊరూరా చెప్పి ఓట్లు అడిగాం. ఇవాళ మనవాళ్లు కాల్చారు. ఈ ప్రభుత్వం పోతే ఒక రాష్ట్రం పోతుంది, ఈ మాట పోతే పార్టీ పోతుంది. తొలి సోషలిస్టు ప్రభుత్వం తనంత తాను దిగిపోతే, ఈ దేశంలో కాల్పులకు ఒక వెల ఉందని ప్రతి మంత్రికీ తెలుస్తుంది.

అవతలి వాదనా తేలికైంది కాదు. ప్రభుత్వం శాసనసభకు బాధ్యత వహిస్తుంది, పార్టీ కార్యాలయానికి కాదు. వెయ్యి మైళ్ల దూరాన జైల్లో ఉన్న కార్యదర్శి తంతి ఇస్తే ముఖ్యమంత్రి దిగిపోవాలంటే ఇక రాజ్యాంగం ఎందుకు? పోలీసులు ఏ పరిస్థితిలో కాల్చారో తేలకముందే తీర్పు చెప్పడం న్యాయమా? ఏ ప్రభుత్వమైనా ఎప్పుడో ఒకప్పుడు బలప్రయోగం చేయాల్సి వస్తుంది, దానికి సిద్ధంగా లేని పార్టీ అధికారం అడగకూడదు. ఈ వాదన చేసినవాళ్లు పదవీ వ్యామోహులు కారు. సగం జీవితం జైళ్లలో గడిపినవాళ్లు.

కానీ 1947 నవంబరును గుర్తు చేసుకోండి. ప్రభుత్వం పార్టీకి జవాబు చెప్పడం లేదని కాంగ్రెస్ అధ్యక్ష పదవినే వదిలేసిన కృపలానీ, 1954లో ప్రభుత్వ వ్యవహారంలో పార్టీ వేలు పెట్టకూడదన్న పక్షానికి పెద్దగా నిలబడ్డారు. ఆయన మారిపోయారని నేననను. మారింది ఆయన కూర్చున్న చోటు. ప్రభుత్వం ఎదుటివాళ్లది అయినప్పుడు పార్టీ ఆధిక్యం గుర్తొస్తుంది. ప్రభుత్వం మనది అయినప్పుడు రాజ్యాంగ మర్యాద గుర్తొస్తుంది. మన కాలంలో దీన్ని రోజూ చూస్తూనే ఉన్నాం.

నవంబరులో నాగ్‌పూర్‌లో ప్రత్యేక సమావేశం పెట్టారు. మంత్రివర్గం దిగిపోవాలన్న వాదానికి మెజారిటీ రాలేదు. అయినా ఆ తగాదా కృపలానీ పదవిని మింగేసింది. ఆయన రాజీనామా చేశారు. నరేంద్ర దేవ్, అప్పటికే ఆస్తమాతో సతమతమవుతున్న మనిషి, అధ్యక్షుడయ్యారు. ఇంతా చేసి కాపాడుకున్న ప్రభుత్వం మూడు నెలలు నిలవలేదు. 1955 ఫిబ్రవరిలో పడిపోయి కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చింది. ఏ కోరిక కోసం ఆ రోజు జనం చచ్చిపోయారో అది 1956 నవంబరు 1న నెరవేరింది. మన ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజునే కన్యాకుమారి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో కలిసింది.

4. గాజీపూర్ పిలుపు

కాల్పుల మీద పార్టీ ఎవరినీ శిక్షించలేదు. శిక్ష మరో చోట పడింది.

1955 జనవరిలో ఆవడిలో కాంగ్రెస్ సోషలిస్టు తరహా సమాజం తన లక్ష్యమని ప్రకటించింది. ప్రజా సోషలిస్టు పార్టీలో కొందరికి అది తలుపు తెరిచినట్టు అనిపించింది. మన కార్యక్రమాన్నే కాంగ్రెస్ ఒప్పుకున్నాక దూరం దేనికన్నారు. బొంబాయిలో మధు లిమయే ఈ ధోరణిని, దాని వెనక ఉన్న అశోక్ మెహతాను పత్రికలకెక్కి విమర్శించారు. అప్పటికి ముప్పై రెండేళ్ల వాడు. బొంబాయి నగర శాఖ ఆయన్ను సస్పెండ్ చేసింది.

ఉత్తరప్రదేశ్ శాఖలో లోహియా అనుచరులది పైచేయి. మేలో గాజీపూర్‌లో జరిగే తమ రాష్ట్ర మహాసభను ప్రారంభించడానికి వాళ్లు మధు లిమయేనే పిలిచారు. బొంబాయిలో సస్పెండైన వాడు గాజీపూర్‌లో ప్రారంభోపన్యాసం చేశాడు. జాతీయ కార్యవర్గం దీన్ని ధిక్కారంగా తీసుకుని ఉత్తరప్రదేశ్ కార్యవర్గం మీద చర్య తీసుకుంది. లోహియా రాష్ట్ర శాఖను సమర్థించారు. జులైలో జైపూర్‌లో సమావేశమైన జాతీయ కార్యవర్గం లోహియానే సస్పెండ్ చేసింది. అదే జులైలో మధు లిమయే సత్యాగ్రహుల జట్టుతో గోవాలోకి వెళ్లి పోర్చుగీసు వాళ్లకు చిక్కారు. పంతొమ్మిది నెలలు వాళ్ల జైల్లో ఉన్నారు. క్రమశిక్షణ లేని సభ్యుడని ఇక్కడ ముద్ర వేయించుకున్నవాడు, పార్టీ పిలిచిన సత్యాగ్రహంలో అక్కడ దెబ్బలు తింటున్నాడు.

దీన్ని లోహియా సొంత కొలతతోనే కొలిచి చూద్దాం. పార్టీలో మాటకు స్వేచ్ఛ ఉండాలి, చేతకు నియంత్రణ ఉండాలన్నది ఆయన చెప్పిన సూత్రం. ఏ సభ్యుడైనా ఏ విషయం మీదైనా తన అభిప్రాయం బహిరంగంగా చెప్పవచ్చు. కానీ పార్టీ నిర్ణయానికి విరుద్ధమైన పని చేయకూడదు. ఈ కొలత ప్రకారం లిమయే చేసింది మాట. దానికి సస్పెన్షన్ అన్యాయం. ఇందులో నాకు సందేహం లేదు.

గాజీపూర్ సంగతి అంత సులువు కాదు. సస్పెండైన మనిషిని పిలిచి మహాసభ ప్రారంభింపజేయడం మాటా, చేతా? ఒక శాఖ నిర్ణయాన్ని మరో శాఖ బాహాటంగా చెల్లదన్నట్టు చేయడం అది. నా లెక్కలో అది చేతే. లోహియా పక్షం తన సూత్రాన్నే అక్కడ దాటింది. ఆయన స్మారక సభలో ఈ మాట అనడానికి నేను వెనకాడడం లేదు. తన సూత్రంతో తనను కొలిస్తే ఆయనా అభ్యంతరం చెప్పేవారు కారు.

అయితే తప్పు బరువు ఎంత, శిక్ష బరువు ఎంత? డిసెంబరులో గయలో జాతీయ మహాసభ ఉండనే ఉంది. లిమయే సస్పెన్షన్ సబబా కాదా అన్నది అక్కడ ప్రతినిధుల ముందు పెట్టవచ్చు. కాంగ్రెస్‌తో సంబంధం ఎలా ఉండాలన్న అసలు తగాదాను ఓటుకు పెట్టవచ్చు. అలా కాకుండా విధానం మీది తగాదాను నిబంధన మీది తగాదాగా మార్చారు. విధానం మీద ఓడినవాడు రేపు మళ్లీ గెలవచ్చన్న ఆశతో ఉండిపోతాడు. నిబంధన కింద శిక్ష పడినవాడికి ఉండడానికి చోటే మిగలదు. పార్టీలు చీలేది అభిప్రాయ భేదం వచ్చినప్పుడు కాదు. ఆ భేదాన్ని తేల్చే సభ జరగకముందే షోకాజ్ నోటీసు వచ్చినప్పుడు.

ఇక రెండు శిక్షలను పక్కపక్కన పెట్టండి. నాలుగు ప్రాణాలు పోయిన వ్యవహారంలో ముఖ్యమంత్రికి రాజ్యాంగ మర్యాద అడ్డొచ్చింది. పత్రికలో విమర్శ చేసిన వ్యవహారంలో కార్యకర్తకు ఏ మర్యాదా అడ్డు రాలేదు. క్రమశిక్షణ కింది మెట్టు మీద బరువుగా, పై మెట్టు మీద తేలికగా పడింది.

5. హైదరాబాద్ తర్వాత

1955 డిసెంబరు చివర, 1956 జనవరి మొదట్లో హైదరాబాద్‌లో లోహియా వర్గం సోషలిస్టు పార్టీ పేరును మళ్లీ తలకెత్తుకుంది. లోహియా అధ్యక్షుడు. ఇక్కడి వ్యాపార కుటుంబంలో పుట్టి సోషలిస్టు అయిన బదరీవిశాల్ పిత్తీ ఆయనకు అండ. అప్పటికే కల్పన అనే హిందీ సాహిత్య పత్రిక నడుపుతున్నారు. లోహియా మాన్‌కైండ్ పత్రిక కూడా హైదరాబాద్ నుంచే వచ్చింది. హిందీ ప్రాంతపు పార్టీ అని మనం అనుకునే దానికి పురుడు పోసింది ఈ ఊరే. కొత్త పార్టీకి 1957లో దక్కిన కొద్ది లోక్‌సభ సీట్లలో విశాఖపట్నం ఒకటి. గెలిచింది విజయనగరం రాజా పి.వి.జి. రాజు.

ఇక్కడే మరో సంగతి. పట్టం తాణు పిళ్లై 1960లో కాంగ్రెస్‌తో కలిసి మళ్లీ కేరళ ముఖ్యమంత్రి అయ్యారు. 1962లో పంజాబ్ గవర్నరుగా వెళ్లి, 1964లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా హైదరాబాద్ రాజ్‌భవన్‌కు వచ్చారు. ఎవరి ప్రభుత్వం కాల్పుల మీద పార్టీ చీలిందో ఆయనా, చీలిన పార్టీ పుట్టిన ఊరూ అలా కలుసుకున్నాయి. అశోక్ మెహతా 1963లో ప్రణాళికా సంఘం ఉపాధ్యక్ష పదవి తీసుకుని, మరుసటి ఏడాది కాంగ్రెస్‌లో చేరారు. 1955లో లిమయే ఏ భయం వెలిబుచ్చి శిక్ష పొందారో అది అక్షరాలా జరిగింది. అసమ్మతివాది ప్రతిసారీ సరైనవాడని దీని అర్థం కాదు. అతని నోరు మూయిస్తే అతను చెప్పింది నిజమా కాదా అని ముందుగా తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

విడిపోయినందుకు ఇద్దరూ మూల్యం కట్టారు. 1952లో కలిపి పదహారు శాతం ఉన్న ఓట్లు 1962కు వచ్చేసరికి ప్రజా సోషలిస్టులకు ఏడు శాతం లోపు, లోహియా పార్టీకి మూడు శాతం లోపు. రెండూ కలిపినా పది దాటలేదు. 1964లో మళ్లీ కలిసి సంయుక్త సోషలిస్టు పార్టీ అయ్యారు. 1965 జనవరిలో వారణాసి మహాసభలోనే మళ్లీ విడిపోయారు. ప్రతి చీలికలోనూ బయటికి నడిచినవాళ్లు అసలు పార్టీ తమదేనన్నారు. అసమ్మతికీ ఒక బాధ్యత ఉంది. ఓడిన మర్నాడు ఇంకో జెండా కుట్టించే అలవాటు ఉన్నవాడికి లోపల పోరాడే ఓపిక రాదు. సోషలిస్టులకు మాట్లాడే ధైర్యం ఎంత ఉందో, ఓడి కూర్చునే ఓర్పు అంత తక్కువ.

ఆ ఓర్పు వాళ్లు చూపిన సందర్భమూ ఒకటి ఉంది. 1963 చివర కలకత్తా మహాసభలో లోహియా తన పాత సమాన దూరం వాదాన్ని పక్కనపెట్టి, కాంగ్రెస్‌ను దించడానికి జనసంఘ్ సహా ప్రతిపక్షాలన్నీ కలవాలన్నారు. మధు లిమయే, జార్జ్ ఫెర్నాండెస్ వ్యతిరేకించారు. ఎవరు? ఎనిమిదేళ్ల క్రితం ఎవరి కోసం లోహియా పార్టీ పోగొట్టుకున్నారో ఆ లిమయేనే. లోహియా మాట నెగ్గింది. లిమయే పార్టీలోనే ఉన్నారు. మరుసటి ఏడాదే ముంగేర్ ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లారు. మాటకు స్వేచ్ఛ, చేతకు నియంత్రణ అన్న సూత్రం పనిచేస్తే ఎలా ఉంటుందో ఈ ఒక్క ఘట్టంలో చూడవచ్చు.

పై మెట్టు మీద క్రమశిక్షణ పెట్టే ప్రయత్నం లోహియా చివరి ఏడాది దాకా చేశారు. 1967లో బీహార్‌లో కాంగ్రెసేతర ప్రభుత్వం వచ్చింది. సంయుక్త సోషలిస్టు పార్టీ టిక్కెట్ మీద లోక్‌సభకు గెలిచిన బి.పి. మండల్ రాష్ట్రంలో మంత్రి అయ్యారు. జనం పార్లమెంటుకు పంపితే పాట్నాలో మంత్రి పదవి ఏమిటని లోహియా అడ్డు చెప్పారు. మండల్ వినలేదు. విడిపోయి శోషిత దళ్ పెట్టారు. అక్టోబరు 12న లోహియా పోయారు. 1968 జనవరిలో ఆ ప్రభుత్వం పడిపోయింది. ఫిబ్రవరి 1న కాంగ్రెస్ మద్దతుతో మండల్ ముఖ్యమంత్రి అయ్యారు. ఈ మండల్ పేరే పదేళ్ల తర్వాత వెనుకబడిన వర్గాల కమిషన్‌కు వచ్చింది. ఆయన కమిషన్ చేసిన మేలును నేను తక్కువ చేయను. చరిత్ర మనుషులను ఒక్క గుణంతో కట్టి అప్పగించదు.

6. చట్టం చేతికి వెళ్లిన క్రమశిక్షణ

1967 తర్వాత ఫిరాయింపులు వెల్లువెత్తాయి. హర్యానాలో గయాలాల్ పేరు సామెత అయిపోయింది. పార్టీలు తమ సభ్యులను తాము నిలబెట్టుకోలేక ఆ పని చట్టానికి అప్పగించాయి. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. పార్టీని వదిలినా, విప్‌కు విరుద్ధంగా ఓటేసినా, ఓటు వేయకుండా కూర్చున్నా సభ్యత్వం పోతుంది. మూడో వంతు మంది కలిసి చీలితే మాత్రం పోదు. చిల్లర ఫిరాయింపును నిషేధించి టోకు ఫిరాయింపును చట్టబద్ధం చేశారన్న విమర్శ అప్పుడే వచ్చింది. 2003లో 91వ సవరణ ఆ మూడో వంతు వెసులుబాటు తీసేసింది. మూడింట రెండు వంతుల మందితో విలీనం అన్న దారి ఇంకా ఉంది.

పార్టీని వదిలితే సీటూ వదలడం 1948లో నరేంద్ర దేవ్ చట్టం లేకుండానే చేసిన పని. ఆయన చేసినప్పుడు అది మనస్సాక్షి. ఇప్పుడు చట్టం ఉంది, ఆ పని మాత్రం జరగడం లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభల్లోనూ ఒక గుర్తు మీద గెలిచి మరో కండువా కప్పుకున్నవాళ్లను చూశాం. స్పీకర్ల దగ్గర ఫిర్యాదులు ఏళ్ల తరబడి పడి ఉండడం చూశాం. పార్టీ వదిలేవాడిని ఆ చట్టం ఆపలేకపోయింది. పార్టీలో ఉంటూనే ఒక బిల్లు మీద కాదనేవాడిని మాత్రం గట్టిగా పట్టుకుంది. 1992లో కిహోటో హోలోహాన్ కేసులో చట్టాన్ని సమర్థిస్తూనే సుప్రీంకోర్టు, ప్రభుత్వ మనుగడను తేల్చే ఓటుకు, పార్టీ మౌలిక కార్యక్రమానికి చెందిన విషయాలకు మాత్రమే ఇలాంటి విప్ పరిమితం కావడం మంచిదని సూచించింది. ఆ సూచనను ఏ పార్టీ పట్టించుకుంది?

ఫలితం ఏమిటంటే, 1955లో జాతీయ కార్యవర్గం జైపూర్ దాకా వెళ్లి, చర్చించి, అపకీర్తి మోసి చేయాల్సి వచ్చిన పని ఇవాళ ఒక విప్ కాగితంతో అయిపోతోంది. ఆ రోజుల్లో అసమ్మతిని శిక్షించడానికి కూడా పార్టీకి ఒక సభ కావాల్సి వచ్చింది. ఆ సభలో వాదన జరిగేది. వాదన పత్రికల్లో వచ్చేది. అందుకే డెబ్బై ఏళ్ల తర్వాత కూడా ఇద్దరి వాదాలనూ నేను మీ ముందు పెట్టగలిగాను.

7. చివరి మాట

ఈ చరిత్ర నుంచి నాకు తేలింది ఇది. క్రమశిక్షణ లేని పార్టీ ఉండదు. ఎన్నికల వాగ్దానానికి ఓటేసిన జనానికి, గెలిచినవాళ్లు కలిసి నడుస్తారన్న హామీ కావాలి. కాబట్టి క్రమశిక్షణ వద్దన్న వాదన నాది కాదు. అది పదవితో పాటు పెరగాలంటాను. సాధారణ సభ్యుడికి నోటి మీద ఏ కట్టూ ఉండకూడదు. కార్యవర్గ సభ్యుడికి తన సంతకం ఉన్న తీర్మానం కట్టు కావాలి. మంత్రికి, ముఖ్యమంత్రికి పార్టీ జనానికి చెప్పిన ప్రతి మాటా కట్టు కావాలి. అన్ని పార్టీల్లోనూ ఇప్పుడు దీనికి తలకిందులుగా నడుస్తోంది. పదవి పెరిగే కొద్దీ కట్టు సడలుతోంది, పదవి లేనివాడికే షోకాజ్ నోటీసు వెళుతోంది.

అసమ్మతి చెప్పేవాళ్లకూ ఒక మాట. నిర్ణయం జరిగే దాకా గొంతెత్తి అడగండి. జరిగాక పని అడ్డుకోకండి, తప్పని చెప్పడం మాత్రం మానకండి. ఓడితే వచ్చే మహాసభ దాకా ఆగండి. ఇక ఉండలేమనుకుంటే వెళ్లండి, వెళ్లేటప్పుడు పార్టీ ఇచ్చిన సీటు అక్కడ పెట్టి వెళ్లండి.

ఇక్కడున్న మీలో వేర్వేరు పార్టీల వాళ్లు ఉన్నారని నాకు తెలుసు. మీ పార్టీ నియమావళిలో క్రమశిక్షణ అధ్యాయం ఒకసారి తీసి చూడండి. గత పదేళ్లలో దాని కింద చర్య ఎవరి మీద జరిగిందో, వాళ్లు చేసింది మాటో చేతో, వాళ్లలో మంత్రి పదవిలో ఉన్నవాళ్లు ఎందరో లెక్క వేయండి. ఆ లెక్కను మీ తర్వాతి జిల్లా మహాసభలో పెట్టి చర్చ అడగండి. అడిగినందుకు మీకు నోటీసు వస్తే, ఆ పార్టీ గురించి మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.